రికార్డు తిప్పే చెయ్యి సంగీతానికి తక్కువా?

డీజే అంటే మన ఊళ్లల్లో ఊరేగింపు బండి మీద కట్టే పెద్ద పెద్ద సౌండు బాక్సులు. నేను చెప్పబోయేది ఆ పేరు వెనకున్న చేతిపని గురించి. రెండు గ్రామఫోను ప్లేయర్లు పక్కపక్కన పెట్టి, తిరిగే రికార్డును చేత్తో ఆపి, వెనక్కి తోసి, ముందుకు లాగి కొత్త మోత పుట్టించే పని అది. ఆ యంత్రాన్ని టర్న్‌టేబుల్ అంటారు.

ఈ విద్య ఏ సంగీత కళాశాలలో పుట్టిందంటారా? న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేదల పేటలో పుట్టింది. 1973 ఆగస్టు 11న సిండీ కాంప్‌బెల్ అనే నల్లజాతి అమ్మాయి, బడికి బట్టలు కొనుక్కునే డబ్బుల కోసం తాముండే భవనంలోనే టిక్కెట్టు పెట్టి పాటల పార్టీ చేసింది. రికార్డులు వేసింది జమైకా నుంచి వలసొచ్చిన ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. పాటలో డ్రమ్ములొక్కటే మోగే ముక్క దగ్గర జనం ఊగిపోతారని కనిపెట్టినవాడు అతనే. ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి ఆ ముక్కనే మళ్లీమళ్లీ మోగించాడు. పాట వినే యంత్రాన్ని ఆ పేట పిల్లలు వాయిద్యం చేసుకున్నారు. ఇదీ ఒక సంగీతమేనా అని పెద్దోళ్లు ముక్కు విరిచారు.

ఆ విద్యనే నేర్చి పేరు తెచ్చుకున్నోడు కెనడాకు చెందిన ఎరిక్ శాన్. కిడ్ కోవాలా అని పిలుస్తారు. చైనా సంతతి కుటుంబం. చిన్నప్పుడు పియానో నేర్చాడు. మెక్‌గిల్ యూనివర్సిటీలో పిల్లలకు చదువు చెప్పే కోర్సు చదివాడు. 2000లో మొదటి ఆల్బం తెచ్చాడు. అంతా రికార్డులు గీకి కట్టిన పనే.

2017లో అతను ‘మ్యూజిక్ టు డ్రా టు: శాటిలైట్’ తెచ్చాడు. ఇది యాంబియంట్ సంగీతం. అంటే గంతులేయించేది కాదు, గదిలో వెలుగు నిండినట్టు నెమ్మదిగా నిండేది. 1978లో బ్రయన్ ఈనో తెచ్చిన రికార్డుతో ఆ పేరు నిలబడింది. ఇందులో కీబోర్డులు, గిటారు, తీగ వాయిద్యాలు ఉన్నాయి. ఐస్‌లాండు గాయని ఎమిలియానా టోరినీ పాడింది. తిరిగిరాని అంగారక ప్రయాణానికి ఒకరు పోతే విడిపోయిన ప్రేమికుల కథ అది.

ఇలాంటి మార్పు చూడగానే కొందరు మెచ్చుకుంటారు, ఇప్పటికి అసలు సంగీతంలోకొచ్చాడని. ఆ మెచ్చుకోలులో విషముంది. అంతకుముందు చేసిందంతా తక్కువ పనని తీర్పు చెప్పినట్టే గదా! వాయిద్యానికి మెట్లు కట్టేది చెవి కాదు. ఎవరి చెయ్యి పడిందో చూసి కడతారు. మనకు తెలీని సంగతా ఇది? తోలు కట్టిన డప్పును ఊరి బయట పెట్టారు. మనోళ్లు తోలు బిగించిన మృదంగాన్ని మాత్రం కచేరీలో తివాచీ మీద కూర్చోబెట్టారు.

రెండో వైపు మాట కూడా చెప్పాలి. గట్టిగా మోగితేనే పోరాటం, మెత్తగా వాయిస్తే పారిపోవడం అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. అదీ తప్పే. పొద్దంతా కష్టపడి, అవమానాలు మింగినోడికి ఓ గంట నెమ్మది అక్కర్లేదా? మోత మనది, నెమ్మది వాళ్లదని ఎవరు పంచారు?

కిడ్ కోవాలా టర్న్‌టేబుల్‌ని వదల్లేదు. శాటిలైట్‌లోనూ అది తీగల పక్కనే మోగింది. ఆ కచేరీల్లోనైతే వినడానికొచ్చినోళ్ల ముందే టర్న్‌టేబుళ్లు పెట్టాడు. రంగు దీపం వెలిగితే ఆ రంగు రికార్డు వెయ్యాలి. అలా అందరూ కలిసి వాయిస్తారు. అందరి చేతా చేయిస్తూ నేర్పడం! బడిపంతుల్ని గనుక నాకు బాగా నచ్చిన పాఠం ఇదే.

మీ పేటలో డప్పు కొట్టే కుర్రాడు రేపు వయొలినో కీబోర్డో నేర్చుకుంటానంటే ‘పైకొచ్చావురా’ అనకండి. ‘మమ్మల్నొదిలేశావురా’ అని కూడా అనకండి. డప్పు కూడా పక్కనే పెట్టుకుని వాయించరా అనండి. నెలకో సాయంత్రం సంఘం ఆఫీసులో చోటివ్వండి.