కట్ట మీద సైకిలు, కాలువలో ఈత

కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్ నుంచి నిజాంసాగర్ వైపు కాలువ కట్ట మీద సైకిలు తొక్కిన వాళ్లకు ఈ సంగతి తెలుసు. తారు రోడ్డు మీద కాళ్లకే పని, కట్ట ఎక్కితే ఒళ్లంతటికీ పనే. వానలు పడితే నల్లరేగడి వెళ్లి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుంటుంది. బండి ముందుకు పోదు, వెనక్కి రాదు. పిల్లలు దిగి పుల్లతో మట్టి గీకుతారు, కాదంటే సైకిలు భుజానికెత్తుకుని గట్టినేల వచ్చేదాకా నడుస్తారు. ఇలాంటి దారుల్లోనే సైకిలు తొక్కి బతికే ఆటగాళ్లు ప్రపంచంలో ఉన్నారు. ఆ ఆటను ఆఫ్‌రోడ్ ట్రయాథ్లాన్ అంటారు.

చెరువులోనో సముద్రంలోనో కిలోమీటరున్నర ఈదాలి. ఒడ్డెక్కి కొండదారిలో ముప్ఫై కిలోమీటర్ల దాకా సైకిలు తొక్కాలి. సైకిలు దించి అడవి బాటలో పది కిలోమీటర్లు ఉరకాలి. మధ్యలో ఆగడం లేదు. 1996లో హవాయిలోని మౌయి దీవిలో ఇది పోటీగా మొదలైంది. తర్వాత ఎక్స్‌టెరా పేరుతో దేశదేశాలకు పాకింది. దాని ప్రపంచ పోటీలు 2022లో ఇటలీలోని మోల్వెనో సరస్సు ఒడ్డుకు మారాయి.

ఈ ఆటలో పేరు తెచ్చుకున్న వాళ్ల కథలు చదువుతుంటే నాకు ఒకటే కనిపిస్తుంది. వాళ్లలో చాలామంది వేరే ఆట నుంచి వచ్చినవాళ్లే. నెడ్ ఓవరెండ్ అమెరికా సైకిలు వీరుడు, 1990లో కొండదారి సైక్లింగ్‌లో ప్రపంచ విజేత. 1998, 1999లో మౌయిలో గెలిచేనాటికి ఆయనకు నలభై దాటాయి. దక్షిణాఫ్రికా వాడైన కాన్రాడ్ స్టోల్జ్ 2000లో సిడ్నీ ఒలింపిక్స్ రోడ్డు ట్రయాథ్లాన్‌లో దిగాడు, మరుసటి ఏడాదే మట్టిదారికొచ్చి ప్రపంచ విజేత అయ్యాడు. ఆ టైటిల్ మొత్తం నాలుగుసార్లు గెలిచాడు.

నా మనసు మాత్రం ఫ్లోరా డఫీ దగ్గరే ఆగిపోతుంది. ఆమెది బెర్ముడా. అట్లాంటిక్‌లో చిన్న దీవి, జనాభా డెబ్భై వేలు కూడా లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆమె పోటీ పూర్తి చేయలేకపోయింది. ఆట వదిలేసి చదువులో పడింది. మళ్లీ వచ్చి లండన్‌లో దిగితే సైకిలు మీద నుంచి పడి నలభై అయిదో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ తర్వాతే ఆమె మట్టిదారి పట్టింది. 2014 నుంచి 2017 దాకా వరసగా నాలుగేళ్లు, మళ్లీ 2019లో, ఎక్స్‌టెరా ప్రపంచ టైటిల్ ఆమెదే. 2021లో టోక్యోలో రోడ్డు మీద ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. బెర్ముడాకు అదే మొదటి ఒలింపిక్ బంగారం. తడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు ఆమె సైకిలును పట్టుకునే తీరు చూడండి. రాళ్లలో, వేళ్లలో, బురదలో తిరిగిన చేతులని తెలిసిపోతుంది.

రోడ్డు మీద బలం ఉంటే నెట్టుకురావచ్చు. మట్టిలో అది ఒక్కటే చాలదు. టైరులో గాలి కాస్త తగ్గించాలి, అప్పుడే నేలను పట్టుకుంటుంది. హ్యాండిలు బిగించి పట్టుకుంటే ప్రతి రాయీ భుజాన్ని కొడుతుంది, వదులుగా పట్టుకుంటే చక్రమే దారి వెతుక్కుంటుంది. చూపు ముందు చక్రం మీద కాదు, నాలుగు బారల అవతల ఉండాలి. ఇవి మన పిల్లలు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు. పెద్ద సైకిలు అడ్డకమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చినవాడికి తూకం గురించి పాఠం చెప్పాల్సిన పని లేదు. ఈత కూడా అంతే. మా తరం వాళ్లం నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావిలో దూకాం, ఇప్పటి వాళ్లు ప్లాస్టిక్ క్యాను కట్టుకుంటున్నారు. ఇక ఉరుకుడంటారా? కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే తెల్లారకముందే పదహారు వందల మీటర్ల కోసం దారి పొడవునా మన పిల్లలే.

అయితే ఒక మాట దాచకూడదు. బావిలో తేలడం వేరు, తెరిచిన నీళ్లలో కిలోమీటరున్నర ఈదడం వేరు. ఏటా ఎండాకాలంలో ఏదో ఒక కాలువలో ఎవరి కొడుకో మునిగిపోయాడన్న కబురు మనం వింటూనే ఉన్నాం. అందుకే తల్లులు నీళ్ల దగ్గరికి పోనివ్వరు. ఆ భయం న్యాయమైనది. 1931లో పూర్తయిన ఇంత పెద్ద నిజాంసాగర్ జలాశయాన్ని పక్కన పెట్టుకుని, ఒక్క పిల్లకైనా పద్ధతిగా ఈత నేర్పకపోవడమే నాకు బాధ. వేసవి క్రీడా శిబిరాలంటే కబడ్డీ, వాలీబాల్. నీళ్ల మాట ఎవరూ ఎత్తరు.

కొత్త ఆట మాట ఎత్తితే ఏమవుతుందో మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లాకు తెలుసు. పాకాల తండా పిల్ల మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుకుంది. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పిల్లల్ని కొండలెక్కించాలనుకున్నారు, శేఖర్ బాబు బాచినేపల్లి భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్పారు. అక్కణ్నుంచి డార్జిలింగ్, లద్దాఖ్. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, టిబెట్ వైపు నుంచి ఆమె ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్ కూడా తోడున్నాడు. మంచు చూడని పిల్లకు మంచు మీద నడక నేర్పగలిగినవాళ్లం, కట్ట పక్కన పుట్టిన పిల్లకు ఈత నేర్పలేమా?

"ఇది నేర్చుకుంటే నౌకరీ వస్తదా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిన మాటే. మట్టిదారి పోటీ ఒలింపిక్స్‌లో లేదు. కానీ రోడ్డు ట్రయాథ్లాన్ ఉంది, మన జాతీయ క్రీడల్లోనూ ఉంది. డఫీ ఒక దారి నుంచి ఇంకో దారికి వెళ్లి వచ్చింది కదా. మట్టిలో గట్టిపడిన పిల్ల తారు మీదా పనికొస్తుంది.

దీనికి స్టేడియం అక్కర్లేదు. ఎల్లారెడ్డి, బాన్సువాడ గురుకులాల్లో ఒక్కో ఈత శిక్షకురాలు, నడుము లోతు నీళ్లున్న ఒక తొట్టి, ఒడ్డున తాడు పట్టుకుని నిలబడే ఇద్దరు, గేర్లున్న పది సైకిళ్లు చాలు. శిక్షకురాలు అని ఊరికే అనలేదు. మగపిల్లలు ఎవరూ నేర్పకపోయినా ఎలాగో బావిలో దూకుతారు. ఆడపిల్లలకు ఆ బావి దగ్గరికి పోయే వీలే లేదు. సల్వారు తడిస్తే ఎవరు చూస్తారో అన్న దిగులు, వెనక నుంచి పిలిచే అమ్మ. తొమ్మిదో తరగతి పిల్ల ఊరి నుంచి బడికి రోజూ సైకిలు తొక్కుతుంది, పరుగులో మగపిల్లల్ని దాటుతుంది, నీళ్ల దగ్గరికి వచ్చేసరికి మెట్టు మీదే కూర్చుంటుంది. ముందు ఆ పిల్లను నీళ్లలోకి దింపండి.