చేవెళ్ల ఆపిల్: పెరటికి సరే, పెట్టెకు ఎప్పుడు?

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో ఒక పెరటి ఆపిల్ చెట్టు నాలుగు కాయలు కాసిందంటే ఆశ్చర్యపడవలసిన కాలం పోయింది. కాని ఆ నాలుగు కాయలు చూసి రైతు ఎకరం తోటకు లెక్కలు కట్టుకోవడం, వ్యాపారి ఆ తోట మీద బయానా ఇవ్వడానికి ముందుకు రావడం తొందరపాటే అవుతుంది. చెట్టు బతకడం వేరు, కాపు రావడం వేరు, ఆ కాపు మార్కెట్లో సరుకుగా నిలవడం వేరు.

కాశ్మీర్, హిమాచల్ తోటల్లోని డెలీషియస్ జాతి చెట్లకు చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి సుమారు 1000 గంటలు తగలాలి. లేకుంటే మొగ్గ సరిగా విచ్చదు. సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న చేవెళ్లకు అంతటి చలి లేదు. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు అందుబాటులోకి వచ్చాకనే ఇక్కడి ఆశలు చిగురించాయి. ఇజ్రాయెల్‌లో పుట్టిన ‘అన్నా’, బహామాస్‌లో దొరికిన ‘డార్సెట్ గోల్డెన్’, హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ రూపొందించిన ‘హెచ్.ఆర్.ఎం.ఎన్.-99’ అటువంటివి. శర్మకు 2025లో పద్మశ్రీ ప్రకటించారు.

ఆపిల్ పక్షాన మాట్లాడేవారు ఆసిఫాబాద్ జిల్లా ధనోరా గ్రామాన్ని ఉదాహరణగా చూపుతున్నారు. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో అక్కడి రైతు కేంద్రె బాలాజీ హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 పండించి, 2020 జూన్‌లో తొలి కాపును ముఖ్యమంత్రికి అందజేశారు. ఇది కాదనలేని విజయమే. అయితే చలికాలంలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువగా వణికే ప్రాంతాల్లో ఆసిఫాబాద్ ఒకటి. అక్కడి అనుభవాన్ని చేవెళ్ల చెలకకు యథాతథంగా అన్వయించడానికి వీల్లేదు.

ఇంటి చెట్టు వరకైతే శ్రమకు ఫలితం ఉంటుంది. గింజ నాటితే తల్లి గుణం రాదు గనుక అంటు మొక్కే తీసుకోవాలి. డిసెంబరు, జనవరి నెలలు నాటడానికి అనువైనవి. ఎర్ర చెలక నేల మేలు. నల్లరేగడి అయితే మట్టి ఎత్తుగా పోసి నాటాలి. వానాకాలంలో మొదట్లో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. ‘అన్నా’ ఒక్కదానినే నాటితే కాపు పలచబడుతుంది. పరాగం కోసం పక్కన ‘డార్సెట్ గోల్డెన్’ ఉండాలి. మొదటి రెండేళ్ల పిందెలను గిల్లివేయాలి. చలికాలంలో మిగిలిన ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలి. ఇండోనేషియాలోని బాటు ప్రాంతంలో ఆకు దూసే పద్ధతితోనే చలి లేనిచోట ఆపిల్ పండిస్తున్నారు. వేసవిలో మొదలు చుట్టూ ఎండుగడ్డి పరచి, కాండానికి సున్నం పూయాలి. చిలకల బెడదకు వల తప్పదు.

రెండు చెట్లకు ఇంత సేవ ఇంటిల్లిపాదికీ సరదా. రెండు వందల చెట్లకైతే కూలి ఖర్చు అవుతుంది. అక్కడి నుంచే వ్యాపారి లెక్క మొదలు కావాలి.

ఈ కాపు జూన్‌లో చేతికి వస్తుందనీ, అప్పటికి కాశ్మీర్ శీతల గిడ్డంగుల నిల్వలు అడుగంటి హిమాచల్ కొత్త సరుకు ఇంకా దిగదు గనుక మంచి ధర పలుకుతుందనీ ఒక వాదన ఉన్నది. వాదన బాగానే ఉన్నది గాని, ఆ రోజుల్లో మార్కెట్ ఖాళీగా ఉండదు. న్యూజీలాండ్, చిలీ వంటి దక్షిణార్ధగోళ దేశాల కొత్త పంట దిగుమతయ్యేది ఆ నెలల్లోనే. అంతకుమించి అది మామిడి చివరి దశ. మామిడి చవకగా దొరికేటప్పుడు ఆపిల్ గిరాకీ మందకొడిగానే ఉంటుందని పండ్ల వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

నాణ్యత సంగతి మరొకటి. ఆపిల్‌కు ఎర్ర రంగు తెచ్చేది చల్లని రాత్రులు. మే నెల ఎండలో, వెచ్చని రాత్రుల్లో పక్వమైన కాయకు రంగు తక్కువ. త్వరగా మెత్తబడుతుంది కూడా. హిమాచల్‌లో 2024 సీజను నుంచి ఒకే కొలత కార్టన్ తప్పనిసరి చేశారు. గ్రేడు, బరువు, నిల్వ సామర్థ్యం చూసి బేరం కుదిరే రంగంలోకి గంపలో పోసిన కాయ వస్తే దాని ధర ఊహించవచ్చు. పైగా పండ్ల టోకు మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి బాటసింగారానికి తరలిపోయింది. చేవెళ్ల రైతు నగరం ఈ చివర నుంచి ఆ చివరకు సరుకు మోయాలి.

పాత పాఠాలు కూడా ఉన్నాయి. అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు హైదరాబాద్ పరిసరాలు ఒకప్పుడు పేరుపొందాయి. నేల సరిపడింది, కాపూ వచ్చింది. అయినా గింజలేని మహారాష్ట్ర ద్రాక్ష మార్కెట్‌ను ఆక్రమించింది, ఇక్కడ భూగర్భజలం తగ్గింది, భూమి ధర పెరిగింది, పందిళ్లు తరిగిపోయాయి. సరిపడిన పంటకే ఆ గతి పట్టినప్పుడు, సరిపెట్టుకోవలసిన పంట విషయంలో ఇంకెంత జాగ్రత్త కావాలి? ఫామ్‌హౌస్‌ల పుణ్యమా అని పెరిగిన మొయినాబాద్ భూమి విలువకు ఆపిల్ రాబడి వడ్డీ కూడా కట్టలేదు.

కనుక ఇప్పట్లో చెట్టు మీద బయానా వద్దు. జూన్‌లో స్థానికంగా వచ్చే కొద్దిపాటి కాయను వ్యాపారులు విడిగా గ్రేడు చేసి, చేవెళ్ల, మెహదీపట్నం వైపు చిల్లర దుకాణాల్లో స్థానిక సరుకుగానే అమ్మి చూడవచ్చు. ఎన్నాళ్లు నిలిచింది, కొన్నవారు మళ్లీ అడిగారా అన్నది మూడు సీజన్లు రాసిపెట్టుకోవాలి. రైతు రెండు చెట్లతో, వ్యాపారి నాలుగు పెట్టెలతో పరీక్షించుకుంటే పోయేది స్వల్పం. ముందే ఎకరాల మీద సొమ్ము పెడితే పోయేది అసలు.