ముఖచిత్రపు రంగులను గూర్చి

ఈ సంవత్సరపు సంచికకు తొమ్మిదవ తరగతి విద్యార్థు లయిదుగురు సిద్ధపరచిన నీహారికా చిత్రమును ముఖచిత్రముగా ముద్రింపవలెనా, మానవలెనా యను చర్చ మా పాఠశాలయందు మూడు వారములు జరిగినది. చిత్రము మనోహరముగ నున్నదనుటలో నెవ్వరికిని సందేహము లేదు. బంగారు వన్నె మబ్బులు, వాని నడుమ నొక నీలి మడుగు, అంచులయం దిటుక యెఱుపు. అయితే తలిదండ్రుల సమావేశమునాడు ఒక తండ్రిగారు దానిని చేతబట్టుకొని, “అయ్యగారూ, ఆకాశమున నీ రంగు లున్నవా, మన పిల్లలు వేసినవా?” యని యడిగిరి. సూటియైన ప్రత్యుత్తర మీయలేక మేము తడబడితిమి.

ఆ తడబాటునకు కారణమును దాచము. క్రిందటి సంవత్సరము ఇదే తరగతి గదిలో హబుల్ దూరదర్శిని తీసిన చిత్రమొకటి గోడకు దగిలించి, “దగ్గరకు పోగలిగినచో మనకును ఇట్లే కానవచ్చును” అని మేము బోధించియుంటిమి. సంక్రాంతి సెలవులలో ఒక బాలిక దీవిసీమలోని అమ్మమ్మగారి యూరికి బోయి, అరువు దెచ్చిన చిన్న దూరదర్శినితో మృగశిర ప్రక్కనున్న నీహారికను జూచి వచ్చి, “మాష్టరుగారూ, బూడిద రంగు మబ్బుతునక తప్ప నేమియు కనబడలేదండీ” అనెను. నీ దూరదర్శిని చిన్నదమ్మా, పెద్దదైన రంగులు కనబడునని మేము సమాధానము చెప్పితిమి. ఆమె చూచినది నిజము. మేము చెప్పిన రెండు మాటలును తప్పు. నోటితో నలువదిమంది పిల్లలకు చెప్పిన తప్పును అచ్చులో దిద్దుకొనుట న్యాయమని తలంచి ఈ వ్యాసమునకు బూనుకొంటిమి.

దగ్గరకు పోయిన రంగులేల కనబడవు? వీధి దీపము నొద్దకు బోయినకొలది వెలుగు హెచ్చును గదా యని పిల్లలు వాదింతురు. చుక్కవలె నుండు దీపమునకు ఆ వాదము చెల్లును. నీహారిక చుక్క కాదు, పరచుకొనిన వస్తువు. దానిని సమీపించినకొలది మన కంటికి వచ్చు వెలుగు ఎంత హెచ్చునో, అది పరచుకొను చోటును అంతే హెచ్చును. సున్నము గొట్టిన గోడను రెండువందల గజముల నుండి చూచినను, పది గజముల నుండి చూచినను తెల్లదనము మారదు, గోడ మాత్రము పెద్దదగును. నీహారికకు నిదియే గతి. దాని నడుమకు బోయి నిలిచినను అది పలుచని మసకగనే యుండును. అట్టి మసకలో పనిచేయు మన నేత్రకణములు రంగులను గుర్తెఱుగలేవు. వెన్నెలలో ఎఱ్ఱ మందారము నల్లగ కానవచ్చుట మన పెరటిలోనే చూడవచ్చును.

కావున కన్ను చూడలేని దానిని ఛాయాచిత్ర యంత్రము చూచుచున్నది. ఎట్లు చూచుచున్నదో కొంత వివరింపక తప్పదు. నీహారికలోని మిక్కిలి వేడియైన పడుచు నక్షత్రముల అతినీల కాంతి చుట్టునున్న వాయువుల పరమాణువుల నుండి ఎలక్ట్రానులను తొలగించును. అవి మరల చేరుకొనునపుడును, పరమాణువు లొండొంటిని ఢీకొనునపుడును వెలుగు పుట్టును. ఆ వెలుగు ఇంద్రధనుస్సువలె అన్ని రంగులును గలది గాదు. ఒక్కొక్క వాయువు తనకు నియతమైన కొన్ని రేఖలయందే వెలుగును. ఉదజని 656.3 నానోమీటర్ల యెఱుపు రేఖ నిచ్చును. రెండు ఎలక్ట్రానులు పోగొట్టుకొనిన ప్రాణవాయువు 500.7 నానోమీటర్ల వద్ద పచ్చనీలి రేఖ నిచ్చును. ఒక ఎలక్ట్రాను పోయిన గంధకము 672 ప్రాంతమున ముదురెఱుపు జంటరేఖల నిచ్చును. మన కంటికి గోచరించు వెలుగు సుమారు 400 మొదలు 700 వరకు వ్యాపించియున్నది. అందు మూడు మొదలు ఏడు నానోమీటర్ల సందును మాత్రము వదలి తక్కినదంతయు నాపివేయు బిళ్లలను యంత్రము ముందుంచి చిత్రము తీయుదురు. అదియే ఇరుకు పట్టీ ఫిల్టరు. కాలువ తూము తలుపులన్నియు మూసి ఒక్కటి మాత్ర మెత్తినట్లు. వీధి దీపముల వెలుగులో నధిక భాగము ఆ మూసిన తలుపుల వద్దనే నిలిచిపోవును.

ఈ యుపాయమును మన పిల్లలు పరదేశపు వింతగ నెంచుచుండుట మాకు విచారము కలిగించును. దాని మూలసూత్రము మనకు గంట ప్రయాణములో నున్న గుంటూరులో సూర్యునిపై ప్రయోగింపబడినది. 1868 ఆగష్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము కృష్ణా మండలము మీదుగ సాగినది. ఫ్రాన్సు దేశస్థుడగు జాన్సెన్ గుంటూరున నిలిచి గ్రహణమును వర్ణదర్శినితో పరిశీలించెను. మేజరు టెన్నెంటు బృందమును గుంటూరుననే యుండెను. మద్రాసు నక్షత్రశాలాధికారి పోగ్సన్ మచిలీపట్టణమున దిగెను. సూర్యబింబము కప్పబడగనే అంచున లేచిన జ్వాలలు ప్రకాశమైన రేఖలుగ కానవచ్చెను. అవి ముఖ్యముగ ఉదజని జ్వాలలని తెలిసెను. ఆ రేఖల తీవ్రతను జూచి, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని జాన్సెన్ గ్రహించి, మరునాడే అట్లు చూచెను. కారణ మిది: వర్ణదర్శిని పగటి వెలుగును అన్ని రంగులుగ సాగదీసి పలుచన చేయును, జ్వాలల వెలుగో యొక్క రేఖయందే కూడియుండుటచే పలుచన గాదు. నేడు ఫిల్టరు బిళ్ల చేయునదియు నీ పనియే. ఆ నాటి యెఱుపు రేఖయే మా పిల్లలు వాడిన మొదటి ఫిల్టరు రేఖ.

(హీలియము గుంటూరులో కనుగొనబడెనని పాఠ్యపుస్తకములందును సభలయందును చెప్పుట వాడుక. అభిమానమునకు బాగే గాని అది పూర్తిగ సరిగాదు. గ్రహణము చూచిన పలువురు పసుపు రేఖ నొకదానిని చూచిరి. అది భూమిపై తెలిసిన ఏ మూలకమునకును చెందదని తేల్చుటకు ఇంగ్లండులో లాకయరు పరిశోధన కావలసివచ్చెను; భూమిమీద ఆ వాయువు 1895లో రామ్సేకు దొరికెను.)

ఇక చిత్రము సంగతి. ఆగష్టు మాసమున మన బెజవాడ ఆకాశమెట్లుండునో చెప్పనక్కఱలేదు. బ్యారేజి తలుపు లెత్తియుందురు, పైన మబ్బు కదలదు. ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ పర్వతముపై రుసుము గట్టినవారికి అంతర్జాలము ద్వారా నడుపుకొననిచ్చు దూరదర్శినులున్నవి. అచటి గడియారము మనకంటె నాలుగున్నర గంటలు ముందు. మన మధ్యాహ్నము రెండున్నరకు అచట చీకటి పడును. కావున మా విద్యార్థులు చివరి రెండు పీరియడులలో కంప్యూటరు గదిలో కూర్చుండి, ధనూరాశిలో నచటి నడినెత్తి కెక్కియున్న లగూన్ నీహారికను, నాలుగువేలకు పైగా కాంతిసంవత్సరముల దూరమున నున్న దానిని, చిత్రించిరి. మొదటినా డచటను మబ్బే. రెండవనాడును మూడవనాడును ఒక్కొక్క ఫిల్టరుతో అయిదేసి నిమిషముల చిత్రములు పెక్కు తీసిరి. వచ్చినవన్నియు తెలుపు నలుపు చిత్రములే. రంగు అటుతరువాతి పని.

వివాదమంతయు నిచటనే. ఉదజనియు గంధకమును రెండును ఎఱుపే. ఉన్నది ఉన్నట్లుగ రంగు వేసిన రెండును గలిసిపోయి, ఏది ఎక్కడ నున్నదో తెలియదు. అందుచే గంధకమునకు ఎఱుపును, ఉదజనికి ఆకుపచ్చను, ప్రాణవాయువునకు నీలమును కేటాయించు పద్ధతి యేర్పడినది. 1995లో హెస్టరు, స్కోవెన్ అను శాస్త్రజ్ఞులు హబుల్ దూరదర్శినితో గరుడ నీహారిక యందలి ధూళి స్తంభములను ఈ పద్ధతిని చూపి లోకమును ఆశ్చర్యపరచిరి. మేము గోడకు దగిలించినది ఆ చిత్రమే. అందలి ఆకుపచ్చ యెవరి కంటికిని ఎన్నడును కానరాదు.

అట్లయిన నిది యబద్ధమా? కాదని మా నిశ్చితాభిప్రాయము. పెడన కలంకారీ పనివారు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు చెక్కి, ఒకదానిపై నొకటి తప్పకుండ అద్దుదురు. మూడు ఫిల్టరుల చిత్రములును అట్టి మూడచ్చులే. అచ్చు సత్యము; గంధకమున్న చోటనే గంధకపు అచ్చు పడినది. దానిని ఏ రంగులో ముంచితిమనునది మన యేర్పాటు. భూగోళపు పటములో కృష్ణా జిల్లాకు గులాబి వన్నె వేసిన, మన నేల గులాబి రంగని ఏ పిల్లవాడును తలంపడు. పటము ప్రక్కన సూచిక యుండుటచే తలంపడు. సూచిక లేని పటము మోసము చేయును; మేము గత సంవత్సరము గోడకు దగిలించినది అట్టి సూచిక లేని పటము.

మఱియొక సంగతి. ఈ నీహారికలో ఉదజని వెలుగు తక్కిన రెంటికంటె మిక్కిలి హెచ్చు. ఉన్న పాళములోనే కలిపిన చిత్రమంతయు ఆకుపచ్చయై పోవును. అందుచే మిగిలిన రెంటిని పెంచి కలుపుదురు. కనుక ముఖచిత్రములో నీలము బలముగ నున్నదని ప్రాణవాయువు హెచ్చని యెంచరాదు. ఎక్కడ నున్నదో చిత్రము చెప్పును గాని ఎంత యున్నదో చెప్పదు.

ఎంతవరకు దిద్దవచ్చును? ఒక చిత్రమునకు అడ్డముగ కృత్రిమోపగ్రహ మొకటి తెల్లని గీత గీచిపోయినది. తక్కిన చిత్రములతో సరిపోల్చి దానిని తొలగించిరి, ఒప్పుకొంటిమి. ఒక బాలుడు నక్షత్రములకు హబుల్ చిత్రములందు వలె నాలుగు కిరణముల శిలువ గుర్తులు చేర్చెదననెను. ఆ కిరణములు అచటి దర్పణమును మోయు పట్టీలవలన బుట్టినవి. మా పిల్లలు వాడినది కటక దూరదర్శిని, దానికి పట్టీలు లేవు. వలదంటిమి. అందముగ నుండును గదా యని అతడు నొచ్చుకొనెను. నొచ్చుకొనినను మా మాట మార్చుకొనము. యంత్రము చూడని దానిని చేర్చుట వేఱు, చూచిన దానిని కనబడునట్లు చేయుట వేఱు.

ఇంత రుసుము గట్టి తీయనేల, ఇంతకంటె మేలైనవి అంతర్జాలమున ఊరక దొరకును గదా యనియు, దూరదర్శినిని ముట్టని పిల్లల కది సొంత చిత్రమెట్లగుననియు కొందరు తల్లులు ప్రశ్నించిరి. రెండవ ప్రశ్నకు మొదట సమాధానము. వెనుక ఆకాశపటమును సిద్ధపరచుటకు దేశదేశముల నక్షత్రశాలలు పనిని పంచుకొనెను. 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించిన హైదరాబాదు నిజామియా నక్షత్రశాలయు అందొక భాగము వహించి లక్షల కొలది నక్షత్రముల స్థానములను నిర్ణయించెను. వాటికను నక్షత్రశాల పలకలను కొలిచినవారు నలుగురు సన్న్యాసినులు: ఎమిలియా పొంజోని, రెజీనా కొలంబో, కొన్చెట్టా ఫినార్ది, లూయిజియా పన్చేరి. 1910 మొదలు 1921 వరకు వారు కొలిచిన నక్షత్రములు 4,81,215. వారి పేరులు 2016 వరకు లోకమునకు తెలియవు. ఒకరు తీసిన పలకను మఱియొకరు కొలిచిరి గనుక ఆ పని వారిది కాదనువా రెవరు? మా విద్యార్థులు వస్తువు నేర్పరచిరి, కాలము లెక్కించిరి, పనికిరాని చిత్రములను త్రోసివేసిరి. అది పనియే.

రుసుమును గూర్చి మాత్రము తల్లుల పక్షముననే యున్నాము. ఒక్కసారికి చాలును. ఫిల్టరు వీధి దీపముల వెలుగు నాపగలదు గనుక, డిసెంబరు రాత్రులలో మన మేడమీద నుండియే చిన్న యంత్రముతో మృగశిర నీహారికను తీయవచ్చును. దానికి వలసిన సొమ్ము మఱియొక సంవత్సరపు రుసుముగ పరదేశమునకు పంపుటకంటె పాఠశాలలో నుంచుట మేలు. అంతకు ముందు ప్రతి విద్యార్థియు ఒక్క రాత్రియైన హంసలదీవి వైపు చీకటిలో నిలిచి వట్టి కంటితో ఆకాశమును చూచి, చూచినది గీయవలెనని నియమము పెట్టవలసినదిగ ప్రధానోపాధ్యాయులవారిని కోరియున్నాము.

ముఖచిత్రమును ముద్రించుచున్నాము. దాని వెనుక పుటలో మూడు తెలుపు నలుపు చిత్రములను, ఏ వాయువునకు ఏ రంగు వేసిరో సూచికను ఇచ్చితిమి. సూచిక ప్రక్కన దీవిసీమ బాలిక సంక్రాంతి రాత్రి పెన్సిలుతో గీచిన మృగశిర నీహారికయు నున్నది. బూడిద రంగే.