మన ఊరి మీదికి వచ్చే తూటాను ఎవరు ఎంచుతున్నారు?

పబ్జీ, ఫ్రీ ఫైర్ ఆడే మన తమ్ముళ్లను నిద్రలో లేపి అడిగినా ఏ తుపాకీలో ఏ తూటా పడుతుందో చెప్తారు. కానీ బూర్గంపాడు నుంచి చర్ల దాకా, అటు చింతూరు దాకా అడవి దారుల్లో తిరిగే బలగాల తుపాకుల్లో ఏ తూటా ఉంది, దాన్ని ఎవరు ఎంచారు, ఏ పరీక్ష పెట్టి ఎంచారు అని అడగండి. ఒక్కరి దగ్గర కూడా జవాబు ఉండదు. అసలు ఆ ప్రశ్న అడగొచ్చని మనకు ఎవరూ చెప్పలేదు.

కాల్చాలా వద్దా అన్నది ఎప్పటికీ మొదటి ప్రశ్నే. దాని మీద మనం కొట్లాడుతూనే ఉన్నాం, ఉంటాం. కానీ కాల్పులంటూ జరిగితే ఆ తూటా ఎక్కడ ఆగాలి అన్నది రెండో ప్రశ్న. అది ఎప్పుడూ మూసిన తలుపుల వెనకే తేలిపోతోంది. ఆ తలుపు తట్టాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నా.

ముందు విషయం అర్థం చేసుకుందాం. మామూలు తూటా అంటే లోపల సీసం, పైన గట్టి లోహపు తొడుగు. దాన్ని ఫుల్ మెటల్ జాకెట్ అంటారు. ఒంట్లోకి దిగినా దాని ముక్కు పెద్దగా చెదరదు. అందుకే చాలాసార్లు ఒక మనిషిలోంచి దూసుకుపోయి వెనక ఉన్నోళ్లకు తగుల్తది. హాలో పాయింట్ అంటే ముక్కు దగ్గర గుంట ఉన్న తూటా. కండ తగలగానే ఆ గుంటలో ఒత్తిడి పెరిగి పువ్వులాగా విచ్చుకుంటది. వెడల్పు పెరుగుతది, వేగం పడిపోతది, ఎక్కువసార్లు ఆ ఒంట్లోనే ఆగిపోతది. తగిలినోడికి గాయం పెద్దది. వెనక ఉన్నోడికి ప్రమాదం తక్కువ. ఈ రెండు మాటలూ నిజమే. ఒక్కటే చెప్పేటోడు మనకు సగమే చెప్తున్నట్టు లెక్క.

ఈ విచ్చుకునే తూటా పేరు మన దేశంలోనే పుట్టింది. కలకత్తా పక్కన డమ్‌డమ్ అని ఊరుంది, ఇప్పుడు విమానాశ్రయం ఉన్న చోటు. 1895 చిత్రాల్ దండయాత్రలో తమ కొత్త .303 తూటాలు వాయవ్య సరిహద్దు తెగలవాళ్లను ఆపలేకపోతున్నాయని బ్రిటిష్ సైన్యం మొరపెట్టుకుంది. డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ-క్లే తూటా ముక్కు మీద తొడుగు తీసేసి సీసం బయటపడేలా చేయించాడు. 1897-98లో తీరా దండయాత్రలో ఆ కొండ తెగల మీద దాన్ని వాడారు. 1899లో హేగ్ సమావేశం ఇలాంటి తూటాలు యుద్ధంలో వాడొద్దని ప్రకటన చేసింది. బ్రిటన్ అడ్డం తిరిగింది. వాళ్ల తరఫున సర్ జాన్ ఆర్డా చేసిన వాదన సారాంశం ఇది: నాగరిక సైనికుడు గాయపడితే తప్పుకుంటాడు, అనాగరికుడు గాయంతోనే మీదికి ఉరుకుతాడు, కాబట్టి వాడికి వేరే తూటా కావాలి. చివరికి 1907లో గానీ బ్రిటన్ ఆ ప్రకటనకు తల ఊపలేదు.

తూటా ఎంపిక వట్టి ఇనుము, సీసం లెక్క కాదని ఇక్కడే తెలుస్తది. ఎదుటి మనిషిని ఏమనుకుంటున్నావో దాన్ని బట్టి తూటా కొలత మారుతుంది. అడవోడు ఒక దెబ్బకు పడడు అన్న ఆలోచన ఆనాటిది.

హేగ్ నిషేధం యుద్ధానికి మాత్రమే. పోలీసు పనికి అది వర్తించదని దేశాలు అర్థం చెప్పుకున్నాయి. అంటే శత్రుదేశపు సైనికుడి మీద వాడకూడని తూటాను సొంత పౌరుడి మీద వాడొచ్చన్నమాట. వినడానికే మంట పుడుతుంది. అయినా చాలా దేశాల పోలీసులు దాన్నే ఎంచుకున్నారు. వాళ్ల కారణం కూడా విందాం.

1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామిలో ఇద్దరు బ్యాంకు దొంగలకూ ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ మధ్య కాల్పులు జరిగాయి. ఒక దొంగకు తగిలిన 9 ఎంఎం హాలో పాయింట్ తూటా చెయ్యి దాటి ఛాతీలోకి పోయింది గానీ గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. అప్పుడు ఎఫ్‌బీఐ ఒక పరీక్ష రాసిపెట్టింది. మనిషి కండను పోలిన జెలటిన్ దిమ్మెలోకి తూటా కనీసం 12 అంగుళాలు పోవాలి, 18 దాటకూడదు. ఉత్త దిమ్మె మీదే కాదు, మందపాటి బట్టలు, ప్లైవుడ్, ఇనుప రేకు, కారు అద్దం అడ్డం పెట్టి కూడా కాల్చి చూస్తారు. న్యూయార్క్ పోలీసులు 1990ల చివర హాలో పాయింట్‌కు మారినప్పుడు చెప్పిన కారణం ఏంటంటే, మామూలు తూటాలు మనుషుల్లోంచి దూసుకుపోయి దారినపోయేవాళ్లకూ తోటి పోలీసులకూ తగులుతున్నాయని.

ఇక నమ్మకం సంగతి. డ్యూటీ తూటా నమ్మకమైనది అనాలంటే మూడు పనులు జరగాలి: తుపాకీలో ఇరుక్కోకుండా ఎక్కాలి, ట్రిగ్గర్ నొక్కితే పేలాలి, తగిలాక అనుకున్న చోట ఆగాలి. హాలో పాయింట్ ముక్కు మొద్దుగా ఉంటది కాబట్టి కొన్ని పిస్టళ్లలో మ్యాగజైన్ నుంచి ఎక్కేటప్పుడు తట్టుకుని జామ్ అవుతుంది. అందుకే డ్యూటీకి ఇచ్చే ముందు అదే తుపాకీలో, అదే మ్యాగజైన్‌తో వందల రౌండ్లు కాల్చి చూడాలి. మందపాటి బట్ట తగిలితే పీలికలు గుంటలో కూరుకుపోయి తూటా విచ్చుకోకపోవచ్చు. అప్పుడది మామూలు తూటాలాగే వెనక్కి దూసుకుపోతుంది. ఒకే రౌండును రోజూ ఎక్కించి దించుతుంటే తూటా లోపలికి జరిగిపోయి, పేల్చినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. మన దగ్గర కురిసే వానలకు, పట్టే చెమ్మకు సీలు సరిగ్గా లేని రౌండు, ఏళ్ల తరబడి మార్చని స్టాకు ఏ క్షణాన మోసం చేస్తాయో తెలీదు. పెట్టె మీద పేరు చూసి కొనేస్తే సరిపోయే వస్తువు కాదిది.

ఇప్పుడు మన గడప దగ్గరికి రండి. పైన చెప్పిందంతా ఎక్కువగా పిస్టల్ సంగతి. మన ఊళ్ల మీదికి వచ్చేది రైఫిల్, సాధారణంగా తొడుగు తూటాతో. పిస్టల్ తూటా సెకనుకు 350 నుంచి 400 మీటర్లు పోతే, ఏకే-47 తూటా 700 మీటర్ల పైన, ఎస్ఎల్ఆర్ తూటా 800 మీటర్ల పైన పోతుంది. అమెరికావాళ్లు పరీక్షలో ప్లైవుడ్, కారు అద్దం పెట్టారంటే వాళ్ల ఊళ్లలో అవి ఉంటాయి కాబట్టి. మన కోయ గూడెంలో ఉండేది తడికకు మట్టి మెత్తిన గోడ. ఆ గోడ వెనక పిల్ల తల్లి పడుకుని ఉంటది. తడిక గోడ అడ్డం పెట్టి కాల్చి చూసిన పరీక్ష ఏదైనా ఉంటే చూపించమని అడుగుతున్నా.

చర్ల దాటితే బీజాపూర్ జిల్లా. 2012 జూన్ 28 రాత్రి అక్కడి సార్కెగూడలో విత్తనాల పండుగ కోసం కూడిన జనం మీద బలగాలు కాల్పులు జరిపాయి. మైనర్లతో సహా 17 మంది చనిపోయారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2019లో బయటికొచ్చింది. గ్రామస్తులు కాల్చినట్టు ఆధారం లేదని, గాయపడ్డ జవాన్లకు తగిలింది తమవాళ్ల తూటాలే కావొచ్చని అందులో ఉంది. 2013 మే 17న ఎడెస్‌మెట్టలో మళ్లీ విత్తనాల పండుగే, మళ్లీ రాత్రే. ఎనిమిది మంది గ్రామస్తులు, ఒక జవాను చనిపోయారు. బలగాలు భయంతో కంగారుపడి కాల్చి ఉండొచ్చని అదే కమిషన్ చెప్పింది. చీకట్లో, గుంపులోకి, రైఫిల్‌తో కాలిస్తే తూటాకు మనవాడు, వాళ్లవాడు అని తేడా ఉండదు.

మన పాత ఖమ్మం జిల్లాలోనే 2007 జూలై 28న ముదిగొండలో భూమి కోసం జరిగిన బంద్ మీద కాల్పుల్లో ఏడుగురు పోయారు. జనం గుంపు మీద ఏకే-47 వాడారన్నది అప్పట్లో పెద్ద వివాదమైంది. ఇక 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి. సర్కారు లెక్క 13 మంది. హక్కుల సంఘాల లెక్క 60 దాకా. ఎన్ని రౌండ్లు స్టోరు నుంచి బయటికి పోయాయి, ఎన్ని తిరిగి వచ్చాయి అన్న కాగితం ఆరోజే జనం ముందు పెట్టి ఉంటే, చచ్చిపోయినవాళ్ల సంఖ్య మీద నలభై ఏళ్లకు పైగా కొట్లాడుకునే అవసరం ఉండేదా?

ఇంకో మాట, దీన్ని లా చదివే మన పిల్లలు జాగ్రత్తగా గమనించాలి. ఒంట్లో ఆగిన తూటా సాక్ష్యం. దాని మీద తుపాకీ గొట్టం గీతలు ఉంటాయి, ఏ తుపాకీ నుంచి వచ్చిందో వాటితో పోల్చి చెప్పొచ్చు. దూసుకుపోయిన తూటా అడవిలో మట్టిపాలవుతుంది. ఎన్‌కౌంటర్ కేసుల్లో ఈ తేడా చిన్నది కాదు. 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 మార్గదర్శకాల్లో ఇవన్నీ ఉన్నాయి: ఎఫ్ఐఆర్ రాయాలి, స్వతంత్ర దర్యాప్తు చేయాలి, పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి, కాల్చిన ఆయుధాలు పరీక్షకు అప్పగించాలి, గాయపడ్డవాళ్లకు వైద్యం అందించాలి. 1990లో ఐక్యరాజ్యసమితి హవానా సమావేశం ఆమోదించిన సూత్రాలు కూడా అనవసరమైన గాయం చేసే, అనవసరమైన ప్రమాదం తెచ్చే ఆయుధాలూ తూటాలూ నిషేధించాలని, ఇచ్చిన ప్రతి రౌండుకూ లెక్క ఉండాలని చెప్తున్నాయి.

కాబట్టి హాలో పాయింట్ రాక్షసి, తొడుగు తూటా సాధువు అని నేను అనను. తిరగేసి కూడా అనను. తాలూకా కేంద్రంలో, బస్టాండులో ఒక పోలీసు పిస్టల్ తీయాల్సి వస్తే, ఒక ఒంట్లో ఆగే తూటాయే చుట్టూ ఉన్న జనానికి మేలు కావొచ్చు. కానీ విచ్చుకునే తూటా చేతికిచ్చి, ఎప్పుడు కాల్చాలో కట్టుబాటు లేకపోతే, అది 1897 నాటి డమ్‌డమ్ తెలివే అవుతుంది. తూటా ఏదైనా దానికి రాసిపెట్టిన ప్రమాణం ఉండాలి, లెక్క ఉండాలి, జవాబు చెప్పే మనిషి ఉండాలి.

మనం అడగాల్సినవి ఇవి.

ఒకటి, ఏ డ్యూటీకి ఏ తుపాకీ, ఏ తూటా అన్నది రాసిపెట్టి ప్రజల ముందు పెట్టాలి. దాడి ప్లాన్లు, దాచిన చోట్లు మేం అడగట్లేదు. ప్రమాణం అడుగుతున్నాం.

రెండు, జనం గుంపును చెదరగొట్టే పనికి వచ్చేవాళ్ల చేతిలో ఏకే, ఎస్ఎల్ఆర్ ఉండకూడదు. భూమి అడిగినోడికి యుద్ధపు రైఫిల్ ఎదురు రాకూడదు.

మూడు, పరీక్షలో మన తడిక గోడ, మన వానాకాలం ఉండాలి. ఆ ఫలితాలు బయటపెట్టాలి.

నాలుగు, కాల్పులు జరిగిన ప్రతిచోటా ఇచ్చిన రౌండ్లు, కాల్చిన రౌండ్లు, దొరికిన ఖాళీ తొట్టెల లెక్క కుటుంబానికి ఇవ్వాలి.

ఐదు, తూటా మోసే ప్రతి బృందం రక్తం ఆపే కట్లు, వాటిని కట్టడం తెలిసిన మనిషిని కూడా వెంట తీసుకెళ్లాలి. కాల్చే అధికారం ఉన్నోడికి బతికించే బాధ్యత కూడా ఉంటది.

మనకు ఇంకో చిక్కు ఉంది. 2014లో పోలవరం పేరు మీద మన బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్లు ఆంధ్రలో కలిపారు. అన్న ఇటు, చెల్లె అటు. ఇటు తెలంగాణ పోలీసు, అటు ఆంధ్ర పోలీసు, ఆ పక్కన ఛత్తీస్‌గఢ్, అందరి మీదా కేంద్ర బలగాలు. గీత ఎక్కడ గీసినా చుట్టరికం తెగలేదు, తూటా కూడా ఆ గీత దగ్గర ఆగదు. కాబట్టి ఈ ఐదు మాటలు రెండు ముఖ్యమంత్రులకు, ఢిల్లీకి ఒకేసారి పోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గేములో తుపాకుల పేర్లు నేర్చుకున్న తెలివి మీకు ఉంది. ఆ తెలివిని సమాచార హక్కు దరఖాస్తులో పెట్టండి. ఈ ఐదింట్లో ఒక్కొక్కటి ఒక్కొక్కరు పట్టుకోండి, మీ గూడెం పేరు మీద రాయండి. ఇవ్వం అని జవాబొస్తే ఆ జవాబును కూడా దాచిపెట్టండి. రేపు కోర్టులో అది పనికొస్తది.