ఏఐ పాఠాలకు ముందు మా షరతులు వినండి: రామన్నపేట మండల వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, యాదాద్రి భువనగిరి;
గౌరవనీయులైన ఉపకులపతి గారికి, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, నల్లగొండ.

విషయం: బడుల్లో, డిగ్రీ కళాశాలల్లో కృత్రిమ మేధ వాడకం గురించి.

అయ్యా / అమ్మా,

2016లో జిల్లాలు విడిపోయాక మా బడులు భువనగిరి కిందికి వచ్చాయి. డిగ్రీ చదువులు మాత్రం నల్లగొండ విశ్వవిద్యాలయం పరిధిలోనే ఉన్నాయి. అందుకే ఈ కాగితం మీ ఇద్దరికీ ఇస్తున్నాం. ఏఐ వద్దని మేం అనడం లేదు. మా పిల్లలకు అది ఏ షరతుల మీద వస్తుందో ముందే తెలియాలంటున్నాం.

2025 ఫిబ్రవరిలో రాష్ట్ర విద్యాశాఖ ఏక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో ఆరు జిల్లాల్లోని 36 ప్రాథమిక పాఠశాలల్లో ఏఐ పాఠాలు మొదలుపెట్టింది. చదవడంలో, లెక్కల్లో వెనకబడ్డ 3, 4, 5 తరగతుల పిల్లల కోసం తెచ్చిన పథకం అది. పాత పాలమూరులోని నారాయణపేట ఆ ఆరింటిలో ఒకటి. ఆ బడుల్లో పిల్లలు మొదట ఎక్కడున్నారు, తరువాత ఎక్కడికి చేరారు, కరెంటు, నెట్ లేక ఎన్ని పీరియడ్లు పోయాయి? ఈ లెక్కలు బడివారీగా తెలుగులో బయటపెట్టాకే పథకాన్ని మా మండలానికి తేవాలి.

తెచ్చేటప్పుడు మా పిల్లల మాటతో పరీక్షించి తేవాలి. ‘గిట్ల’, ‘గట్ల’ అనే పిల్లను తప్పు చదివావని యంత్రం ఆపేస్తే ఆ పిల్ల రెండోసారి నోరు తెరవదు. 2022-23లో ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ప్రభుత్వమే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలిచ్చింది. ఏఐ పాఠం కూడా అలాగే రెండు భాషల్లో ఉండాలి. మన జిల్లా చింతకింది మల్లేశం గారు చీర నేతకు దారం పోసే ఆసు యంత్రం చేసింది, ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి ఆడించి అమ్మ పడ్డ భుజం నొప్పిని కళ్లారా చూశాకే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బడికి వచ్చే యంత్రాన్ని తయారుచేసేవాళ్లూ మా తరగతి గదుల్లో కొన్నాళ్లు కూర్చోవాలి.

ఈ యంత్రాన్ని చూపి ఒక్క టీచరు పోస్టు కూడా ఆపొద్దు.

ఇక విశ్వవిద్యాలయానికి. మా గట్టి డిమాండు ఇదే: డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ ‘ఇది ఏఐ రాసింది’ అన్నంత మాత్రాన ఏ విద్యార్థి మార్కులూ తగ్గించకూడదు, ప్రాజెక్టు తిప్పి పంపకూడదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లతో పరీక్షించారు. మనుషులు రాసిన ఆ వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని అవి యంత్రం రాసినవిగా తేల్చాయి. తెలిసిన కొద్ది మాటలతో, చిన్న చిన్న వాక్యాలతో రాయడమే వాళ్ల నేరం. పదో తరగతి దాకా తెలుగులో చదివి డిగ్రీలో ఇంగ్లీషు రాస్తున్న మా పిల్లలూ అలాగే రాస్తారు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సైతం తన డిటెక్టర్ సరిగా పట్టుకోలేకపోతోందని అదే ఏడాది జులైలో దాన్ని ఉపసంహరించుకుంది. కాపీ కొట్టడంపై 2018 నాటి యూజీసీ నిబంధనలు చూపిద్దామంటే, అవి పది శాతం, నలభై శాతం అని పోలికల లెక్క చెబుతాయే తప్ప ఏఐ ఊసే ఎత్తవు.

అనుమానం వస్తే విద్యార్థిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి అడగండి. చిత్తుప్రతి చూడండి. ఎవరు రాశారో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఏఐతో వ్యాకరణం దిద్దించుకోవచ్చా, అనువాదం చేయించుకోవచ్చా, దాని సాయం తీసుకున్న సంగతి ఎంతవరకు చెప్పుకోవాలి? సెమిస్టర్ మొదలయ్యేలోపే తెలుగులో, ఇంగ్లీషులో రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆ నియమం అధ్యాపకులకూ వర్తించాలి. ప్రశ్నపత్రం యంత్రంతో తయారుచేయించి, జవాబు యంత్రంతో రాశావేమని పిల్లవాణ్ని నిలదీస్తే ఎవరికి న్యాయం? మార్కులు వేసేది మాత్రం మనిషే అయి ఉండాలి.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఆ సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. చదవడం రాని తల్లులకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో చదివి వినిపించాలి. పిల్లల గొంతు రికార్డులు ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంటాయో అందులో రాయాలి. సంతకం పెట్టని తల్లి బిడ్డకు పాఠం ఆగకూడదు.

2025లో కంపెనీలు విద్యార్థులకు ఏడాదిపాటు ఉచితమని ఏఐ పంచాయి. ఏడాది తరువాత డబ్బు కట్టాల్సిన యాప్ మీద ఆధారపడే అసైన్‌మెంట్లు ఇవ్వవద్దు. నేతపని, కూలిపని చేసే ఇళ్లలో ఒకే ఫోను ఉంటుంది, అదీ పగలు నాన్న దగ్గర. కళాశాల ల్యాబ్ సాయంత్రం కూడా తెరిచి ఉంచాలి.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు మండల విద్యాధికారి, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులతో రామన్నపేటలో ఒక సమావేశం పెట్టి, ఒక్కో కోరికకు ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
రామన్నపేట మండల విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు