ఎకో పెట్టె మీద ఎందుకీ నింద?

వట్లూరు, ఏలూరు వైపు పాత పాటల అభిమానులు నలుగురు చేరితే ఒక మాట తప్పకుండా వస్తుంది: ఘంటసాల రోజుల్లో పాట సహజంగా ఉండేది, డిజిటల్ ఎకో వచ్చి దాని ప్రాణం తీసింది. అభిమానం సరే, వాదం మాత్రం నిలవదు.

ఘంటసాల 1974లో కన్నుమూశారు. మార్కెట్లోకి వచ్చిన తొలి డిజిటల్ రివర్బ్ (మోత పుట్టించే పెట్టె), జర్మనీ వారి ఇ.ఎం.టి. 250, 1976 నాటిది. ఆయన కాలానికి ఆ పెట్టె లేదు, నిజమే. అంతమాత్రాన అంతకు ముందరి మోతంతా సహజమా? పెద్ద స్టూడియోలు ఖాళీ గదిలో స్పీకరు మోగించి, గోడలకు తగిలి తిరిగొచ్చిన మోతను మరో మైకుతో పట్టి పాటలో కలిపేవి. 1957లో ఇ.ఎం.టి. కంపెనీయే ఉక్కురేకును కంపింపజేసి మోత పుట్టించే యంత్రం తెచ్చింది. దాని బరువు పావు టన్ను పైమాటే. రేకు మోగితే సహజం, చిప్పు లెక్క కడితే కృత్రిమం అనడం ఏం న్యాయం?

ఇ.ఎం.టి. 250 సెకనుకు 24 వేల నమూనాలే తీసుకునేది. అందువల్ల అందులో సగం, అంటే 12 వేల హెర్ట్జ్ దాటిన ధ్వని దాని మోతలో ఉండే వీల్లేదు. మోత కాస్త మసకగా వెనక్కి తగ్గేది, గొంతు ముందు నిలిచేది. ఆ రంగు కోసమే దానికీ, 1978 నాటి లెక్సికాన్ 224కీ సాఫ్ట్‌వేర్ నకళ్లను ఇప్పటికీ కొంటున్నారు. 1985లో యమహా ఎస్పీఎక్స్ 90 వచ్చాక, రేకు యంత్రం ఊసే ఎత్తలేని చిన్న స్టూడియోలకూ హాలు మోత అందింది.

మరి పాట చెడుతున్నది ఎక్కడ? రేకుల షెడ్డు కల్యాణమండపంలో చూడండి. కప్పే గణగణమంటుంటే, మైక్‌సెట్ అబ్బాయి దానికి మూడు సెకన్ల ఎకో తగిలిస్తాడు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఆ అచ్చు సాగి తర్వాతి హల్లు మీద పడుతుంది, సాహిత్యం ముద్దయిపోతుంది. మోత నిడివి సగానికి తగ్గించి, ప్రీ-డిలే (గొంతుకూ మోతకూ మధ్య విరామం) ముప్పై మిల్లీసెకన్లకు పెడితే మాట బయటపడుతుంది. ఆ రెండు సర్దుబాట్లూ ఆ పెట్టెలోనే ఉన్నాయి. అవి తెలుసుకోకుండా యంత్రాన్ని తిట్టడం ఆడలేక మద్దెల ఓడు అనడమే.

పాటకు మోత ఎంత కావాలో తేల్చాల్సింది చెవి. ఆ చెవికి తర్ఫీదు ఇవ్వకుండా పెట్టె మార్చినా, పాత రోజులు తెచ్చినా పాట బాగుపడదు.