వేదిక మీద పురుడు: మురిసిపోవలసిన కథేనా?

దేవరకొండలో మా సంఘం సమావేశంలో సురభి నాటకాల మాట వచ్చింది. పెద్దవాళ్లకు మాయాబజార్‌లోని మాయలు, తెరలు, మెరుపులు అన్నీ గుర్తున్నాయి. ఆడిన స్త్రీల పేర్లు చెప్పమంటే మాత్రం కమలాబాయి దగ్గరే ఆగిపోయాం. తప్పు మన జ్ఞాపకశక్తిది కాదు, చరిత్ర రాసిన తీరుది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఈ సమాజం చరిత్రను వనారస సోదరులతో మొదలుపెట్టి తర్వాతి తరాల నిర్వాహకులతో ముగిస్తారు. మిగతా సమాజాల్లో మగవాళ్లే ఆడవేషాలు కడుతున్న రోజుల్లో సురభి స్త్రీలు వేదికెక్కారు. ఆడవేషాలతో పేరు పొందిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను కాదనడం లేదు. కానీ మగవాడు స్త్రీ పాత్ర వేస్తే కళ, స్త్రీయే ఆ పాత్ర వేస్తే శీలం మీద అనుమానం! ఈ రెండు కొలతలు ఎవరు పెట్టారు?

కమలాబాయి పుట్టుక గురించి ఒక కథ చెబుతుంటారు. నిండు చూలాలైన తల్లి నాటకం మధ్యలో వేదిక మీదే ప్రసవించిందనీ, ప్రేక్షకులు అదీ నాటకమే అనుకున్నారనీ. ఆ బిడ్డే 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి అయింది. కథలో నిజం ఎంతైనా, దాన్ని కళాసేవగా చెప్పుకుని మురిసిపోతున్నాం. నాట్లు వేస్తూ పొలంలో ప్రసవించిన కూలితల్లి గురించి ఇలాగే మురిసిపోతామా? ఆసామిని నిలదీయమా?

ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. 1973 సవరణతో సర్కస్ వంటి ప్రదర్శన సంస్థలకూ వర్తించింది. 2017లో మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 26 వారాలైంది. అయితే ఆ చట్టానికి యజమాని, ఉద్యోగి, జీతం కావాలి. కుటుంబ సమాజంలో యజమాని మామో, భర్తో, అన్నో అవుతాడు. కోడలి నటన, పాట, దుస్తుల కుట్టు, వంట అన్నీ ఇంటిపని కిందికే పోతాయి. పితృస్వామ్యం శ్రమను దాచిపెట్టే చోటు ఇదే.

"సమాజం లేకపోతే వాళ్లకు వేదికే ఉండేది కాదు" అనేవాళ్లున్నారు. నిజమే. అయితే వాళ్లు లేకపోతే సమాజం ఉండేదా? అవకాశం ఇచ్చామన్న మాటతో హక్కుల బాకీ తీరదు.

మన తెలంగాణలో చిందు భాగవతం ఆడిన దళిత స్త్రీల కళను కులవృత్తి అని పక్కన పెట్టారు. ఆడ, మగ వేషాలు రెండూ కట్టిన చిందుల ఎల్లమ్మ 2005లో చనిపోయింది. ఆమె తోటివాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

కళాకారిణి సంపాదన ఆమె చేతికే రావాలి. పింఛను ఆమె పేరు మీదే ఉండాలి. సమాజం నిర్ణయాల్లో ఆమెకు వాటా కావాలి. ప్రభుత్వాన్ని ఇవి అడుగుతూనే, మనం చేయగలిగిన పని ఒకటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో వేషం కట్టిన అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్లోనే, వాళ్ల పేర్లతోనే రాసుకుందాం.